నీరు 98 దగ్గరే మరుగుతుంది: ఒక ప్రోబ్ థర్మామీటరుతో ఏడాది

కిందటి ఏడాది మే నెలలో హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో 380 రూపాయలు పెట్టి నేనొక ప్రోబ్ థర్మామీటరు కొన్నాను. జానెడు లోపు స్టీలు కడ్డీ, దాని తల మీద వేలెడంత తెర, రెండు మీటలు, వెనుక బొత్తాం బ్యాటరీ, చూడడానికి ఇంతే. −50 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వరకు కొలుస్తుందనీ, డిగ్రీలో పదో వంతు వరకు చూపుతుందనీ, తేడా ఒక్క డిగ్రీకి మించదనీ అట్ట మీద ముద్రించి ఉంది. ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే దానిని కనుక ఈ మూడు మాటల్లో ఏది ఎంత నిజమో స్వయంగా తేల్చుకోవాలనిపించింది. ఏడాది పాటు మల్కాజిగిరిలోని మా వంటింట్లోనూ, పనిచేసే కళాశాల ప్రయోగశాలలోనూ దీన్ని వాడిన తరువాత ఇది రాస్తున్నాను.

నేను డబ్బులు ఇస్తుండగానే ఒక పెద్దాయన అదే రకం థర్మామీటరును తిరిగి ఇచ్చేయడానికి వచ్చారు. "మరిగే నీళ్లలో పెడితే 98 దాటట్లేదయ్యా, నూరు చూపించాలి గదా" అన్నారు. కొట్టు యజమాని ఏమీ వాదించకుండా ఇంకొకటి తీసి ఇవ్వబోయారు. నేను కల్పించుకుని, "అది సరిగ్గానే చూపిస్తోందండీ, మన ఊళ్లో నీళ్లు మరిగేది అక్కడే" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, తెచ్చినదాన్నే మళ్లీ సంచిలో వేసుకుని వెళ్లారు. అక్కడ నిలబడి ఒక్క ముక్కలో చెప్పినదాన్ని ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పరికరం మంచిదా కాదా అన్న తీర్పు ముందు దీని మీదే నిలుస్తుంది.

నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని మనం చిన్నప్పుడు నేర్చుకున్న వాక్యానికి ఒక షరతు ఉంది: గాలి పీడనం సముద్ర మట్టం వద్ద ఉన్నంత ఉండాలి. హైదరాబాదు దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. సముద్ర తీరంలో 101 కిలోపాస్కళ్లు ఉండే పీడనం ఇక్కడికి వచ్చేసరికి 95కు తగ్గుతుంది. నీటి ఆవిరి పీడనం బయటి పీడనాన్ని అందుకున్నప్పుడే నీరు మరుగుతుంది కాబట్టి, ఇక్కడ దానికి 98.2 డిగ్రీలు సరిపోతాయి. నా థర్మామీటరు మా వంటింట్లో 98.0 చూపింది. ఆ తరువాత దసరా సెలవులకు అత్తగారి ఊరు మచిలీపట్నం వెళ్లినప్పుడు దీన్ని వెంట తీసుకువెళ్లి, వాళ్ల పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో ముంచితే 99.8 చూపింది. రెండు ఊళ్ల మధ్య ఉండవలసిన తేడా 1.8 డిగ్రీలు, ఇది చూపిన తేడా కూడా 1.8 డిగ్రీలే. 380 రూపాయల వస్తువు పీఠభూమికీ తీరానికీ ఉన్న ఎత్తును ఇంత స్పష్టంగా చూపగలదని నేను అనుకోలేదు.

మా అత్తయ్య హైదరాబాదు వచ్చినప్పుడల్లా "మీ ఊళ్లో కందిపప్పు ఉడకదమ్మా" అంటారు. ఆవిడ కుక్కరు వాడరు, పప్పు గిన్నెలోనే ఉడకాలి. నేను ఇన్నేళ్లూ తప్పంతా బోరు నీళ్లదని అనుకున్నాను. నీళ్ల పాత్ర ఉంది కూడా: కఠిన జలంలోని కాల్షియం పప్పు గింజ కణాల గోడలలోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగించి మెత్తబడనివ్వదు. అయితే ఆ 1.8 డిగ్రీల వాటా కూడా తీసిపారేయదగినది కాదు. పది డిగ్రీలు పెరిగితే చర్యా వేగం రెట్టింపవుతుందన్న స్థూల సూత్రాన్ని తీసుకుంటే ఒక్క డిగ్రీకి వేగం సుమారు 7 శాతం మారుతుంది, 1.8 డిగ్రీలకు అది 13 శాతం. మచిలీపట్నంలో 45 నిమిషాల్లో ఉడికే పప్పుకు ఇక్కడ మరో ఆరు నిమిషాలు పట్టాలి. అత్తయ్య చేతికి తెలిసిన సంగతి లెక్కలోకి వచ్చినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఆవిడకు చెబితే "నేను ముందే చెప్పాను గదమ్మా" అన్నారు.

ఒక్క డిగ్రీకి ఏడు శాతం అన్నదే ఈ సమీక్షకు ఇరుసు. థర్మామీటరు ఒక డిగ్రీ తప్పు చూపితే ఏమవుతుందిలే అని చాలామంది అనుకుంటారు. గదిలో ఉక్క ఎంత ఉందో చూడడానికైతే ఏమీ కాదు. రసాయన చర్య వేగాన్ని అంచనా వేయడానికైతే ఆ ఒక్క డిగ్రీ ఏడు శాతం తప్పుగా మారి ఫలితంలో కూర్చుంటుంది. ఇలా ఎందుకవుతుందో పిల్లలకు చెప్పేటప్పుడు నేను ముందుగా ఒక అపోహను తొలగించవలసి వస్తుంది. వేడి చేస్తే అణువులు వేగంగా కదిలి ఎక్కువసార్లు ఢీకొంటాయనీ, అందుకే చర్య వేగవంతమవుతుందనీ వాళ్లు రాస్తారు. అది నిజమే, కాని చాలా చిన్న నిజం. అణువుల సగటు వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. 300 కెల్విన్ (సుమారు 27 డిగ్రీల సెల్సియస్) నుంచి 310కి వెళితే ఆ పెరుగుదల రెండు శాతం కూడా ఉండదు. రెట్టింపుకు కారణం అది కాదు. గోల్కొండ కోట ఫతే దర్వాజా దాటి లోపలికి వచ్చినవాళ్లందరూ గుట్ట మీదున్న బాలా హిస్సార్ పైకి ఎక్కరు. ఎక్కే ఓపిక ఉన్నవాళ్లే ఎక్కుతారు. చర్య జరగడానికి అణువులు దాటవలసిన గుట్ట వంటిదే ఉత్తేజన శక్తి. ఉష్ణోగ్రత పెంచినప్పుడు దర్వాజా దగ్గర జనం పెద్దగా పెరగరు, పైదాకా ఎక్కగలిగిన వాళ్ల సంఖ్య రెట్టింపవుతుంది.

ఉష్ణోగ్రతకూ వేగానికీ ఉన్న ఈ సంబంధాన్ని 1884లో డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్ సమీకరణ రూపంలోకి తెచ్చారు. 1889లో స్వీడన్‌కు చెందిన స్వాంటే అర్హీనియస్ చెరకు చక్కెర ఆమ్లంలో విడిపోయే చర్యను తీసుకుని, ఉత్తేజన శక్తి అన్న భావనతో దానికి అర్థం చెప్పారు. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో వాంట్ హాఫ్‌కు వచ్చింది, 1903 బహుమతి అర్హీనియస్‌కు వచ్చింది. వాంట్ హాఫ్ బహుమతిలో చర్యల గతి నియమాలకూ వాటా ఉంది, అర్హీనియస్‌ది వేరే పరిశోధనకు వచ్చింది; ఈనాటికీ ఈ పాఠంలో పిల్లలకు వాళ్లిద్దరి పేర్లూ ఎదురవుతాయి. అర్హీనియస్ ఎంచుకున్న చక్కెర చర్యకు డిగ్రీకి ఏడు శాతం కాదు, పది శాతానికి మించిన మార్పు ఉంటుంది. రెట్టింపు సూత్రం గది ఉష్ణోగ్రత దగ్గర, ఉత్తేజన శక్తి 50 కిలోజౌళ్ల చుట్టుపక్కల ఉన్న చర్యలకే సరిగ్గా పొసుగుతుంది. పప్పు లెక్క కూడా అందుకే అంచనా మాత్రమే.

ఇక ప్రయోగశాల. హైపో అని మనం పిలిచే సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే గంధకం పాలలా తెల్లగా విడుదలవుతుంది. ఫ్లాస్కు కింద తెల్ల కాగితం మీద గీసిన ఇంటూ గుర్తు పైనుంచి చూసేవారికి కనబడకుండా పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలిస్తే చర్యా వేగం తెలుస్తుంది. మా పిల్లలు ఈ థర్మామీటరుతో చేసినప్పుడు 30 డిగ్రీల వద్ద 72 సెకన్లు, 40 వద్ద 40 సెకన్లు, 50 వద్ద 23 సెకన్లు వచ్చాయి. మొదటి రెండింటిని అర్హీనియస్ సమీకరణంలో పెట్టి లెక్కిస్తే ఉత్తేజన శక్తి మోలుకు సుమారు 46 కిలోజౌళ్లు వస్తుంది. పదిహేడేళ్ల పిల్లలు, ఒక గాజు ఫ్లాస్కు, ఫోనులోని స్టాప్‌వాచీ, ఒక చవక థర్మామీటరు కలిసి ఇంత మంచి విలువ రాబట్టడం నాకు గర్వంగా అనిపించింది.

ఇక్కడే కొనేవారు జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. థర్మామీటరు తప్పు చూపడంలో రెండు రకాలున్నాయి. అన్నిచోట్లా ఒకే లెక్కన, ఉదాహరణకు రెండేసి డిగ్రీలు ఎక్కువ చూపడం మొదటి రకం. చల్లటి చోట సరిగ్గా చూపి, వేడి పెరిగే కొద్దీ పక్కకు జరిగిపోవడం రెండో రకం. మా లెక్కలోనే 30ని 32గా, 40ని 42గా తీసుకుని చూడండి: ఉత్తేజన శక్తి 47 కిలోజౌళ్లు వస్తుంది, అంటే దాదాపు ఏమీ చెడదు. అదే 30ని 30గానే ఉంచి, 40ని మాత్రం 42గా చదివితే అది 39కి పడిపోతుంది. మొదటి రకం తప్పును కాగితం మీద సవరించుకోవచ్చు. రెండో రకాన్ని ముందుగా పట్టుకోకపోతే అది ప్రయోగాన్నే పాడుచేస్తుంది. "తేడా ఒక డిగ్రీ లోపు" అని అట్ట మీద రాసే తయారీదారులు ఆ తేడా ఏ రకానిదో కూడా రాయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అందుకే కొన్నరోజే రెండు చోట్ల పరీక్షించాలి. మంచును పొడిగా నలగ్గొట్టి గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత వరకే నీళ్లు పోసి, రెండు నిమిషాలు కలిపి, కడ్డీ మొన అడుగుకు తగలకుండా మధ్యలో పట్టుకోవాలి. నీళ్లు ఎక్కువై మంచు ముక్కలు పైన తేలుతూ ఉంటే అడుగున సున్నా ఉండదు, ఆ తప్పు థర్మామీటరుది కాదు. తరువాత గలగలా మరిగే నీళ్లలో, గిన్నె గోడకు ఆనకుండా పెట్టి చూడాలి. నాది మంచులో 0.3, మరిగే నీళ్లలో 98.0 చూపింది, ప్రయోగాలకు ఇది చాలు. జూలైలో కళాశాల కోసం అదే గల్లీలో వేరే కొట్టులో కొన్న మూడింటిలో ఒకటి మంచులో 0.2 చూపి, మరిగే నీళ్లలో 95.1 దగ్గర ఆగిపోయింది. ఇది అచ్చంగా రెండో రకం తప్పు. తిరిగి తీసుకువెళితే కొట్టువారు మారు మాటలేకుండా మార్చి ఇచ్చారు గాని, ఇంట్లో పరీక్షించకపోయి ఉంటే ఒక బృందం పిల్లలు ఏడాదంతా తప్పుడు విలువలు రాసి, తప్పు తమ చేతిదే అనుకునేవారు. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రయోగశాలలో కనబడిన లోపాలు మరికొన్ని ఉన్నాయి. అంకె నిలకడకు రావడానికి ఎనిమిది నుంచి పది సెకన్లు పడుతుంది. 72 సెకన్ల చర్యకు అది ఫరవాలేదు, 23 సెకన్ల చర్యకు మాత్రం దాదాపు సగం సమయం. దీనికి మేము చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, హైపో ఉన్న ఫ్లాస్కునూ ఆమ్లం ఉన్న పరీక్షనాళికనూ ఒకే వేడి నీటి తొట్టిలో ఐదు నిమిషాలు ఉంచి, రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాకనే కలుపుతాము. చల్లటి ఆమ్లాన్ని వేడి హైపోలో పోస్తే ఆ క్షణంలోనే మిశ్రమం రెండు మూడు డిగ్రీలు పడిపోతుంది, ఎంత ఖరీదైన థర్మామీటరైనా ఆ తప్పును కాపాడలేదు. చర్య మొదట్లోనూ చివర్లోనూ తొట్టి నీటి ఉష్ణోగ్రత చూసి సగటు రాసుకుంటాము. స్టీలు కడ్డీని ఆమ్లంలో ముంచకూడదు. క్లోరైడు అయాన్లు స్టీలు మీద సన్నని గుంటలు పెడతాయి. ఒక విద్యార్థి మరచిపోయి ముంచినప్పుడు వెంటనే కడిగినా మొన మీద మచ్చ మిగిలింది. ఈ చర్యలో సల్ఫర్ డయాక్సైడు కూడా వెలువడుతుంది, వేడి చేస్తే మరింత ఎక్కువగా వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచడం, 60 డిగ్రీలు దాటనివ్వకపోవడం, ఉబ్బసం ఉన్న పిల్లలను దూరంగా కూర్చోబెట్టడం పరికరంతో సంబంధం లేని సంగతులే అయినా ఈ ప్రయోగం చేయించేవారెవరూ మరువకూడనివి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది దానంతట అది ఆరిపోవడం. మీట నొక్కిన పది నిమిషాలకు తెర ఆరిపోతుంది, బ్యాటరీ ఆదా కోసం. తొట్టి 50 డిగ్రీల వద్ద నిలబడిందా లేదా అని అరగంట గమనించవలసిన చోట ఇది మూడుసార్లు ఆరిపోతుంది. దీన్ని ఆపే వీలు ఈ నమూనాలో లేదు. బ్యాటరీ మూత కూడా నీటిని ఆపేది కాదు; ఆవిరి మీద ఎక్కువసేపు పట్టుకుంటే తెరలో అంకెలు మసకబారుతాయి. బియ్యం డబ్బాలో ఒక రోజు ఉంచితే నాది మళ్లీ బాగుపడింది.

వంటింట్లో నాకు ఇది ఎక్కువగా ఉపయోగపడింది పెరుగు తోడు వేయడానికి. "గోరువెచ్చగా" అన్న మాట మన ఇళ్లలో వేలితో కొలిచే కొలత. అదే పాలలో అమ్మ వేలికి ఒకటి, నా వేలికి ఒకటి తోస్తుంది. పాలు 42 డిగ్రీలకు చల్లారినప్పుడు తోడు వేసి వేడి నిలిపే డబ్బాలో పెడితే, డిసెంబరులో కూడా ఐదున్నర గంటల్లో గడ్డ పెరుగు తోడుకుంది. 35 వద్ద వేసి వంటింటి గట్టు మీద వదిలేసినరోజు తెల్లవారినా పలుచగానే ఉంది. అలాగని ఇంకా వేడిగా ఉన్నప్పుడు వేస్తే ఇంకా త్వరగా తోడుకుంటుందనుకోకూడదు. ఇక్కడ పనిచేసేవి బ్యాక్టీరియా, వాటిలోని ఎంజైములు. 45 దాటాక వాటి పని మందగిస్తుంది, 55 దాటితే తోడు చచ్చిపోతుంది. హైపో చర్యకు గీసే గ్రాఫు పైపైకి పోతూనే ఉంటుంది, పెరుగుకు గీసేది ఒక శిఖరం ఎక్కి అవతలి వైపు నిట్టనిలువుగా పడుతుంది. ఈ తేడా చూపడానికి నేను ఇప్పుడు తరగతిలో రెండు గ్రాఫులనూ పక్కపక్కనే గీస్తున్నాను.

ఇడ్లీ పిండి సంగతి హైదరాబాదు ఇల్లాళ్లందరికీ తెలిసిందే: మే నెలలో ఆరు గంటల్లో పొంగి గిన్నె అంచు దాటే పిండి, సంక్రాంతి ముందు రోజుల్లో రాత్రంతా ఉంచినా కదలదు. మా వంటింట్లో రాత్రి పది గంటలకు పిండి మధ్యలో కొలిస్తే మేలో 34, జనవరిలో 20 వచ్చింది. ఆ పద్నాలుగు డిగ్రీల తేడాకు వేగం 2.6 రెట్లు మారాలి, అంటే ఆరు గంటలు పదహారు గంటలవుతాయి. నిజంగానే జనవరిలో రాత్రి పదింటికి పెట్టిన పిండి మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గాని సిద్ధం కాలేదు. ఇప్పుడు చలికాలంలో పిండి గిన్నెను గోరువెచ్చటి నీళ్ల పళ్లెంలో పెట్టి, పిండి 30 దగ్గర ఉండేలా చూస్తున్నాను. ఒక్క హెచ్చరిక: కొలిచే కణం కడ్డీ మొనలోనే ఉంది. చిక్కటి పదార్థంలో మొన ఎక్కడ ఉందో అక్కడి ఉష్ణోగ్రతే తెలుస్తుంది. రంజాను నెలలో పక్కింటివారు ఇంట్లోనే హలీం చేసినప్పుడు అడిగి కొలిస్తే, అంచుల్లో బుడగలు వస్తున్నా గిన్నె మధ్యలో 93, అడుగుకు దగ్గరలో 97 ఉంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీంను గంటల తరబడి సన్న సెగ మీద ఉంచి, గోట్నీ అనే కర్రతో దంచుతూ కలుపుతూ ఉండడంలో ఎంత అర్థముందో అప్పుడు తెలిసింది. మాంసంలోని కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ జిగురుగా కరగడం నెమ్మదైన చర్య. కలపకపోతే మధ్యలో ఒక వేగంతో, అడుగున మరో వేగంతో నడుస్తుంది, పైగా అడుగంటుతుంది.

గ్యాసు విషయంలో కూడా ఇది మా ఇంట్లో ఒక అలవాటును మార్చింది. మరగడం మొదలయ్యాక మంటను పూర్తిగా పెంచినా, కనీసానికి తగ్గించినా నీరు 98 దగ్గరే ఉంటుంది. పెద్ద మంట ఆవిరిని పెంచుతుంది గాని ఉడికే వేగాన్ని పెంచదు. వేగం పెరగాలంటే ఉష్ణోగ్రత పెరగాలి, అందుకు పీడనం పెంచాలి. కుక్కరు చేసేది అదే. అందులో నీరు సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది, 98తో పోలిస్తే వేగం నాలుగు రెట్లు దాటుతుంది. మూసిన కుక్కరులో ఈ థర్మామీటరు పెట్టే దారి లేదు, విజిల్ రంధ్రంలో కడ్డీ దూర్చే సాహసం ఎవరూ చేయకూడదు. నూనెలో మాత్రం చక్కగా పనిచేస్తుంది: గారెల నూనె 175 దగ్గర ఉన్నప్పుడు వేసినవి లోపల ఉడికి పైన ఎర్రబడ్డాయి. ఉడకబెట్టినది ఎంతసేపు ఉంచినా ఎర్రబడకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ రంగునూ వాసననూ తెచ్చే చర్యలు చురుకుగా సాగేది 140 పైన, నీరున్నంతవరకు గిన్నె అక్కడికి వెళ్లలేదు.

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో స్టెబిలిటీ విభాగంలో పనిచేసే మా తమ్ముడు ఈ పరికరాన్ని చూడగానే "అక్కా, ముందు నీ ఫ్రిజ్‌లో పెట్టి చూడు" అన్నాడు. వాడి పనంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది: మందును 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి, అది ఎంత విచ్ఛిన్నమైందో చూసి, మామూలు ఉష్ణోగ్రతలో ఎన్నాళ్లు నిలుస్తుందో అంచనా కడతారు. కాలాన్ని వేడితో ముందుకు జరిపి చూడడమన్న మాట. వాడు చెప్పినట్టే చేస్తే, మే మధ్యాహ్నం మా ఫ్రిజ్ మధ్య అరలో 5 డిగ్రీలు, తలుపు అరలో 11 ఉన్నాయి. నాన్నగారి ఇన్సులిన్ అన్నాళ్లూ ఆ తలుపు అరలోనే ఉంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఆ రోజే దాన్ని మధ్య అరకు మార్చాము. మాత్రల డబ్బా ఉన్న వంటింటి సజ్జ మీద కొలిస్తే 39 వచ్చింది, మాత్రల అట్ట మీద "30 డిగ్రీలకు మించని చోట" అని ఉంది. ఆ తొమ్మిది డిగ్రీలకు అవి పాడయ్యే వేగం రెట్టింపుకు దగ్గరవుతుంది, చాలా మందుల ఉత్తేజన శక్తి ఎక్కువ కాబట్టి రెట్టింపు దాటవచ్చు కూడా. నా దృష్టిలో 380 రూపాయలూ ఆ ఒక్కరోజే తీరిపోయాయి.

తుపాకీలా పట్టుకుని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పోల్చమని ఇద్దరు ముగ్గురు సహోపాధ్యాయులు అడిగారు. అది పైపొర ఉష్ణోగ్రతనే చూస్తుంది, మెరిసే స్టీలు గిన్నె మీద బాగా తక్కువ చూపుతుంది; ద్రావణాల పనికి అది తగదు. పాదరసం గాజు థర్మామీటరు అంకెలలో నమ్మదగినదే, కాని పిల్లల చేతిలో పగిలితే పాదరసాన్ని ఏరడం నేను రెండుసార్లు చూశాను, మూడోసారి చూడదలచుకోలేదు. ప్రయోగశాలకు ఆరిపోని తెర, నీరు చొరని మూత ఉన్న రకం కావాలనుకుంటే ధర ఎక్కువవుతుంది. తొట్టి దగ్గర స్థిరంగా ఉంచడానికి అలాంటిది ఒకటి, పిల్లల చేతికి ఇవ్వడానికి ఇలాంటివి నాలుగు ఉంటే ఒక తరగతికి సరిపోతాయి.

కొనేటప్పుడు ఒకటికి మూడు తీసి అన్నిటినీ ఒకే గ్లాసు నీళ్లలో పెట్టి చూపమని కొట్టువారిని అడగండి. అరడిగ్రీకి మించి విడిపోయినదాన్ని పక్కన పెట్టండి. ఇంటికి వెళ్లాక మంచులోనూ మరిగే నీళ్లలోనూ వచ్చిన అంకెలను చిన్న కాగితం మీద రాసి కడ్డీ తల దగ్గర అంటించండి. నా దాని మీద "0.3, 98.0, హైదరాబాదు" అని ఉంది. మార్చిలో బ్యాటరీ మార్చాక మళ్లీ పరీక్షిస్తే 0.3, 97.9 వచ్చింది, కాగితం మార్చలేదు.